వాడ బడి తాళం ఎవరి దగ్గరుంది?

మన ఊళ్ళలో చాలా చోట్ల కనిపించేదే. ఊరు దాటాక కాలువ, కాలువ దాటాక పల్లె, పల్లె మొదట్లో ఒక పాత బడి. పెంకు జారిపోయింది. వాసాలకు చెద పట్టింది. గోడకు నల్లరంగు పూసి చేసిన బోర్డు మాత్రం ఇంకా చెరిగిపోలేదు. కిటికీలోంచి తొంగిచూస్తే లోపల ఎవరివో ఎరువు బస్తాలు, ఎవరిదో వరిగడ్డి, కిందటి ఎలక్షన్లప్పటి జెండా కర్రలు. తలుపుకు తాళం ఉంది. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందని పల్లెలో అడగండి. ఎవరికీ తెలియదు. ఊళ్ళో అడగండి. ఫలానా ఆయన ఇంట్లో మేకుకి వేలాడుతుంటుందని చెబుతారు.

బడి మనది. కష్టం మనది. తాళంచెవి మాత్రం వాళ్ళది. ఈ సంచికలో మేం మాట్లాడదలుచుకున్నది దీన్ని గురించే.

"ఊళ్ళలో మనుషుల్ని కొడుతుంటే, భూములు గుంజుకుంటుంటే, ఉద్యోగాలు లేకుండా పోతుంటే, మీకు రాయడానికి కూలిపోయిన బడిగోడ దొరికిందా?" అని కొందరు మిత్రులు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. పల్లెలో మనందరం కలిసి కూర్చోడానికి చోటేది? గుడి మనది కాదు. రచ్చబండ మనది కాదు. పంచాయతీ ఆఫీసులో మన సర్పంచి కుర్చీలో కూర్చున్నా పెత్తనం పక్కనున్న ఆయనదే. దెబ్బ తగిలిన రోజున పదిమందీ చేరి కేసు రాసుకోవడానికి, పిల్లలు దీపం పెట్టుకుని చదువుకోవడానికి, ఆడవాళ్ళు తలుపేసుకుని తమ మాట తాము మాట్లాడుకోవడానికి నాలుగు గోడలు కావాలి. ఆ నాలుగు గోడలు మనకు ఉన్నాయి. మనమే వదిలేశాం.

అసలు ఆ బడి ఎట్లా పుట్టిందో ఇయ్యాల్టి పిల్లలకు చెప్పేవాళ్ళు తగ్గిపోయారు. ఊరి బడి అగ్రహారంలో ఉండేది, గుడి వసారాలో ఉండేది, చావిట్లో ఉండేది. ఆ గడప మనోళ్ళు తొక్కడానికి లేదు. రానిచ్చిన చోట కూడా విడిగా కూర్చోవాలి. అంబేద్కర్ అంతటి మనిషే చిన్నప్పుడు కూర్చోడానికి గోనెపట్టా ఇంటి నుంచి తీసుకుపోయి, సాయంత్రం మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నాడు. ఊరి బడి మనకు మూసుకుపోయింది కాబట్టే వాడ బడి పుట్టింది.

ఒంగోలులో క్లౌ దొర కథ పెద్దలకు తెలిసిందే. 1866లో అక్కడికొచ్చి పైకులాల పిల్లలకు బడి పెట్టాడు. మాదిగలు ఆయన దగ్గర చేరారని తెలియగానే ఆ బడి ఖాళీ అయింది. పైకులాలు కావాలో మాదిగలు కావాలో తేల్చుకొమ్మన్నట్టే అయింది. ఆయన మాదిగల వైపు నిలబడ్డాడు. ఆ తర్వాత పల్లె పల్లెకీ ఒక పాక లేచింది. పగలు బడి, ఆదివారం గుడి. మద్రాసు ప్రభుత్వం 1920 ప్రాంతం నుంచి లేబర్ శాఖ కింద విడిగా బళ్ళు నడిపింది. మన తాతలు వాటిని 'లేబర్ స్కూళ్ళు' అనే పిలిచారు. నిజాం రాజ్యంలో సర్కారు చదువంతా ఉర్దూలో సాగే రోజుల్లో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్ వాడల్లో ఆది హిందూ బళ్ళు పెట్టి తెలుగులో చదువు చెప్పించాడు.

దొర పేరు చెప్పుకుంటాం, శాఖ పేరు చెప్పుకుంటాం. మట్టి తొక్కింది ఎవరు? రాయి మోసింది ఎవరు? తాటిదూలం కొట్టి భుజాన వేసుకొచ్చింది ఎవరు? పగలంతా కామందు పొలంలో చేసి, వెన్నెల్లో గోడ పెట్టింది మన తాతలు, అవ్వలు. బడి ముందు శిలాఫలకం ఉంటే దాని మీద వాళ్ళ పేర్లు ఉండవు. గోడలోని ప్రతి రాయీ వాళ్ళ పేరే.

ఆ ఒక్క గదిలో నుంచి పల్లెకు మొదటి సంతకం వచ్చింది. కరణం రాసిన కాగితంలో ఏముందో చదవగలిగిన మొదటి మనిషి వచ్చాడు. మొదటి పంతులు, మొదటి నర్సమ్మ, మొదటి కండక్టరు వచ్చారు. బోయి భీమన్న 'పాలేరు' నాటకంలో పాలేరు చదువుకుని పెద్ద ఉద్యోగానికి పోయాడు. ఆ నాటకం ఊరూరా ఆడిన రోజుల్లో పాలేళ్ళ పిల్లలు పలకలు పట్టుకుని పోయింది ఇట్లాంటి గదులకే.

మరి ఆ గది ఎందుకు మూతపడింది? నేరమంతా సర్కారు మీదే వేస్తే అబద్ధమవుతుంది. మనలో నాలుగు రాళ్ళు సంపాదించినవాళ్ళం పిల్లల్ని టై కట్టించి ప్రైవేటు బడి బస్సెక్కించాం. చదువుకుని ఉద్యోగం వచ్చినవాళ్ళం టౌన్‌లో ఇల్లు కట్టుకున్నాం, పల్లె బడి వైపు తిరిగి చూడలేదు. మిగిలింది కూలి చేసుకునేవాళ్ళ పిల్లలు. వాళ్ళ సంఖ్య చూపించి సర్కారు 'పిల్లలు తక్కువున్నారు, కలిపేస్తాం' అంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 117 నంబరు జీవో తెచ్చి చాలా చోట్ల 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్ళకు తరలించారు. 2025లో ఆ జీవోను తీసేశారు. కానీ జీవో పోయినంత మాత్రాన ఖాళీ అయిన గదికి పిల్లలు వాళ్ళంతట వాళ్ళు తిరిగి రారు.

కలపడం అనే మాట చెవికి ఇంపుగా ఉంటుంది. ఊరూ వాడా ఒక్కచోట చదువుకోవాలన్నది మన కోరికే. కానీ కలిపినప్పుడల్లా మూతపడేది ఏ బడి? ఊరి బడిని మూసి, ఊరి పిల్లల్ని వాడ బడికి పంపిన చోటు ఎక్కడైనా ఉంటే మాకు రాయండి, వచ్చే సంచికలో పెద్దక్షరాలతో వేస్తాం.

ఇది మన ఒక్కరి కథే కాదు. జోతిబా ఫూలే 1873లో 'గులాంగిరి' పుస్తకాన్ని బానిసత్వం రద్దుకు నిలబడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. వాళ్ళ నల్లజాతికీ మనకూ చుట్టరికం అప్పటి నుంచీ ఉంది. వాళ్ళ పల్లె బళ్ళ కథ మనం తెలుసుకోవాలి.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లపిల్లలకు వేరే బడి. తెల్లవాళ్ళ బడికి సర్కారు డబ్బు, నల్లవాళ్ళ బడికి మొండిచెయ్యి. 1912లో బుకర్ టి. వాషింగ్టన్ అనే నల్ల నాయకుడు, జూలియస్ రోజన్‌వాల్డ్ అనే వ్యాపారి కలిసి అలబామా రాష్ట్రంలో ఆరు పల్లె బళ్ళతో పని మొదలుపెట్టారు. 1932 నాటికి 15 రాష్ట్రాల్లో 5,300కు పైగా కట్టడాలు లేచాయి. వీటిని రోజన్‌వాల్డ్ బళ్ళు అంటారు. పేరు వ్యాపారిది. లెక్క చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. ఆ ఫండు ఇచ్చింది సుమారు 43 లక్షల డాలర్లు. నల్లవాళ్ళు తమంతట తాము పోగుచేసింది 47 లక్షల డాలర్లు. పన్నులు కట్టి, ఆ పన్నుల్లో తమ వాటా రాక, మళ్ళీ చందా వేసుకున్నారు. పత్తి అమ్మి ఇచ్చారు, కోళ్ళు అమ్మి ఇచ్చారు, స్థలం ఇచ్చారు, కర్ర కోసి ఇచ్చారు, చేతులతో కట్టారు.

ఆ బళ్ళు కట్టిన తీరు కూడా చూడండి. చాలావాటికి కరెంటు లేదు. అందుకని తూర్పు పడమర వెలుతురు లోపలికి వచ్చేట్టు పెద్ద పెద్ద కిటికీలు వరసగా పెట్టారు. గదికీ గదికీ మధ్య పక్కకు తీసేసే తడిక పెట్టారు. పగలు రెండు తరగతులు. రాత్రికి తడిక తీస్తే ఊరంతా కూర్చునే హాలు. బడి అంటే పిల్లల సొత్తే కాదు, మొత్తం వాడ సొత్తు అని వాళ్ళకు కట్టినప్పుడే తెలుసు.

1954లో అక్కడి సుప్రీంకోర్టు బళ్ళలో జాతిభేదం చెల్లదంది. గొప్ప తీర్పు. కానీ అమలు దగ్గరికి వచ్చేసరికి మూతపడ్డవి ఎక్కువగా నల్లవాళ్ళ బళ్ళే. వేలమంది నల్ల టీచర్ల ఉద్యోగాలు పోయాయి. బళ్ళు గడ్డివాములయ్యాయి, కూలిపోయాయి. 2002లో అక్కడి వారసత్వ కట్టడాల సంస్థ, ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో ఈ బళ్ళను చేర్చింది. అప్పటికి పదింట తొమ్మిది వంతుల దాకా పోయాయి.

మిగిలినవాటిని ఎవరు నిలబెట్టారు? ఒకప్పుడు అందులో చదివిన ముసలివాళ్ళే. వర్జీనియా రాష్ట్రంలో స్క్రాబుల్ అనే చోట 1921లో కట్టిన బడి 1960లలో మూతపడింది. చదువుకున్నవాళ్ళు, ఇరుగుపొరుగు పట్టుబట్టి బాగుచేయిస్తే 2009లో మళ్ళీ తలుపు తెరుచుకుంది. ఇప్పుడది పెద్దవాళ్ళు చేరే చోటు, నల్లవాళ్ళ చరిత్ర చెప్పే చోటు. అదే రాష్ట్రంలో పైన్ గ్రోవ్ అనే బడి ఉంది. 1917లో కట్టారు, 1964లో మూశారు. దాని పక్కనే పెద్ద చెత్త డంపు పెడతామని 2018లో ఒక కంపెనీ వచ్చింది. పాత విద్యార్థులు, వాళ్ళ పిల్లలు లేచి నిలబడ్డారు. 'ఇది మా వాళ్ళు కట్టిన బడి' అన్న ఒక్క మాట చుట్టూ జనం కూడారు. చెత్త ఎవరి గడపలో పోస్తారో అమెరికా అయినా ఆంధ్ర అయినా ఒకటే తీరు.

మన దేశంలోనే ఒక హెచ్చరిక ఉంది. సావిత్రీబాయి, జోతిబా ఫూలేలు 1848లో ఆడపిల్లల బడి పెట్టిన పుణె భిడేవాడ గురించి వినే ఉంటారు. ఆ ఇల్లు దుకాణాల పాలైంది. స్మారకం చేయాలని ఏళ్ళ తరబడి అడిగారు. కోర్టులో గెలిచింది 2023 చివర్లో. అప్పటికి కట్టడం శిథిలం. ఆ డిసెంబరులోనే దాన్ని కూల్చేశారు. ఇప్పుడక్కడ కొత్త స్మారకం లేస్తుందేమో గానీ, సావిత్రీబాయి నడిచిన గడప మాత్రం ఇక లేదు. దేశానికి తెలిసిన బడి గతే అదైతే, మీ పల్లె బడిని ఎవరు ఆదుకుంటారు? మీరు తప్ప?

ఇంకొక వాదన ఉంది. 'వాడ బడి అంటే వెలి గుర్తు. మనల్ని విడిగా కూర్చోబెట్టిన గుర్తు. దాన్ని కాపాడేదేంది? కూలగొట్టి స్లాబు వేయించుకుందాం' అని మన కుర్రాళ్ళే అంటున్నారు. వాళ్ళ కోపం మాకు అర్థమవుతుంది. కానీ వెలివేసింది వాళ్ళు. వెలివేసినా చదువుకుంది మనం. ఆ గోడలో రెండు సంగతులూ ఉన్నాయి. గోడ పోతే, 'మీకు బడి లేదని ఎవరన్నారు? మేం ఎప్పుడూ అందర్నీ రానిచ్చాం' అని రేపు ఊళ్ళో పెద్దమనిషి మీ మనవడికి చెబుతాడు. ఎదురు చెప్పడానికి సాక్ష్యం ఉండదు. నిజంగా పడిపోయే స్థితిలో ఉన్న గోడను నిలబెట్టి పిల్లల ప్రాణాల మీదికి తెమ్మని మేం చెప్పడం లేదు. నిలబెట్టగలిగిందాన్ని నిలబెట్టుకోమంటున్నాం.

ఎట్లా? చేతనైనంత వివరంగా చెబుతాం.

మొదట కాగితం, తర్వాతే తాపీ. ఆ స్థలం ఎవరి పేరున ఉందో తేల్చుకోకుండా ఒక్క ఇటుక కూడా పెట్టొద్దు. మన చెమటతో బాగుచేశాక 'ఇది మా తాత ఇచ్చిన స్థలం' అని ఎవరో ఒకరు వస్తారు. స్థలం మండల పరిషత్తుదా, పంచాయతీదా, గ్రామకంఠమా, మిషన్ ట్రస్టుదా, లేక ఎవరైనా నోటిమాటతో ఇచ్చిందా అన్నది ముందు తెలియాలి. తాసిల్దారు ఆఫీసులో సర్వే నంబరు, అడంగల్ లేక పహాణీ, పటం నకలు అడగండి. సబ్‌రిజిస్ట్రారు దగ్గర ఈసీ తీయించండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు చెప్పి తీరాలి. మిషన్ ఆస్తి అయితే మరింత జాగ్రత్త. మన చర్చి పెద్దలే గుట్టుగా అమ్ముకున్న ఆస్తులు మనకు తెలియనివి కావు.

రెండోది గ్రామసభ తీర్మానం. 'ఈ కట్టడం పల్లె ఉమ్మడి వాడకానికి' అని తీర్మానం రాయించి, నకలు మీద సంతకం, ముద్ర వేయించుకుని దాచుకోండి. కట్టడం విద్యాశాఖ చేతిలో ఉంటే ఎంఈవోకు అర్జీ పెట్టి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. నోటిమాటకు విలువ లేదని మనకంటే బాగా తెలిసినవాళ్ళెవరు?

మూడోది రిజిస్టర్లు. గోడలకన్నా ముందు అవి పోతాయి. చెదలు తింటాయి, చిత్తుకాగితాల్లో అమ్ముడుపోతాయి. అంబేద్కర్ 1900 నవంబరు 7న సతారా బడిలో చేరిన సంగతి ఎట్లా తెలిసింది? రిజిస్టరులో ఆయన పేరు ఉంది కాబట్టి. ఆ తేదీని ఇయ్యాల మహారాష్ట్రలో విద్యార్థి దినంగా జరుపుకుంటున్నారు. మీ బడి రిజిస్టరులో మీ అవ్వ పేరు ఉండొచ్చు. ఎక్కడున్నాయో వెతకండి, ప్రతి పేజీ ఫోటో తీయించండి. పాత పంతుళ్ళు, పాత విద్యార్థులు బతికుండగానే వాళ్ళ మాటలు రాసి పెట్టండి.

నాలుగోది మరమ్మతు. ముందు పైకప్పు, ఆ తర్వాతే గోడ, ఆఖర్న రంగు. వానాకాలం రాకముందే పెంకు తిరగనేయించండి. చెద పట్టిన వాసం మార్చండి. చూరు నీళ్ళు గోడ మొదట్లో నిలవకుండా కాలువ తీయండి. పాత గోడ మట్టితోనో గానుగసున్నంతోనో కట్టింది. దానిమీద సిమెంటు పూస్తే గట్టిపడుతుందనుకుంటారు. గోడలో తడి బయటికి పోయే దారి మూసుకుపోయి, కొన్ని వానాకాలాలకు పెచ్చులు పెచ్చులుగా ఊడి, లోపలి గోడను కూడా పట్టుకుపోతుంది. సున్నపు గోడకు సున్నమే వేయించండి. ఆ పని తెలిసిన ముసలి మేస్త్రీలు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళను పిలిచి కుర్రాళ్ళకు నేర్పించండి, కూలి ఇచ్చి నేర్పించండి. బడి పేరు చెప్పి వెట్టి చేయించొద్దు.

డబ్బు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2013 సబ్‌ప్లాన్ చట్టం, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నాయి. మన నిధి మన వాడలకు ఖర్చుపెట్టాలన్నదే వాటి సారం. ఆ డబ్బు నుంచి అడగండి. మన ఉద్యోగులను అడగండి, వాళ్ళు ఆ బడికి బాకీ ఉన్నారు. కానీ ఏ నాయకుడి డబ్బుకూ ఆయన పేరు గోడకెక్కించే షరతు ఒప్పుకోవద్దు. పేర్లు చెక్కాలంటే కట్టినవాళ్ళ పేర్లు, మొదటి పంతులు పేరు, మొదటి బ్యాచి పిల్లల పేర్లు చెక్కండి.

ఐదోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, తాళంచెవి. ఊరి పెద్దమనిషి చేతిలో నుంచి తీసుకుని మన పెద్దమనిషి చేతిలో పెడితే ఏం మారింది? కమిటీలో సగంమంది ఆడవాళ్ళు ఉండాలి. తాళంచెవి ఒకటి వాళ్ళ దగ్గరే ఉండాలి. మాలపల్లె, మాదిగపల్లె రెండూ ఉన్న ఊళ్ళో రెండు పల్లెలకూ ఒక్కో తాళంచెవి ఉండాలి. వర్గీకరణ మీద ఎవరి వాదన వాళ్ళది. అది బయట మాట్లాడుకుందాం. బడి గడప దగ్గర 'మీది, మాది' అన్నరోజున గడ్డివాము వేసుకునే ఆయన మళ్ళీ వస్తాడు. చర్చికి పోయేవాళ్ళు, బుద్ధవిహారానికి పోయేవాళ్ళు, పోచమ్మను కొలిచేవాళ్ళు అందరూ అక్కడ కూర్చోవాలి. ఏ ఒక్కరి పూజా అక్కడ జరగొద్దు.

బాగుచేసి తాళం వేసి పెడితే మళ్ళీ మొదటికే వస్తుంది. రోజూ దీపం వెలగాలి. సాయంత్రం పిల్లలకు చదువు, రాత్రి పెద్దలకు అక్షరాలు, నాలుగు పేపర్లు, పది పుస్తకాలు, వారానికొకరోజు అర్జీలు రాసిపెట్టే మనిషి. దీనివల్ల ఏమవుతుందని తీసిపారేయొద్దు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రిబడుల్లో ఆడవాళ్ళు అక్షరాలు దిద్దారు. వాచకంలో సారా గురించిన పాఠం చదివి దూబగుంట ఆడవాళ్ళు సారా అమ్మకాన్ని ఆపించారు. 1992లో ఆ మంట రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి సర్కారు సారాను నిషేధించక తప్పలేదు. ఒక రాత్రిబడి చేసిన పని అది.

చివరిగా ఒక హెచ్చరిక. 'బడి భవనాన్ని కమ్యూనిటీ హాలుగా తీసుకోండి, బడి సంగతి మర్చిపోండి' అని ఆఫీసర్లు మెత్తగా చెప్పొచ్చు. ఆ బేరానికి దిగొద్దు. పిల్లలున్న చోట బడి తెరవాలన్న డిమాండు డిమాండుగానే ఉండాలి. రేపు టీచరును వేస్తే పగలు గది పిల్లలదే, రాత్రి మనది. తడిక పెట్టుకున్న ఆ నల్లవాళ్ళ తెలివి మనకూ ఉంది.

ఈ పక్షంలో ప్రతి ఊరి కమిటీ ఒక్క పని చేయండి. ఆదివారం పొద్దున్నే పదిమంది కలిసి ఆ పాత బడి దగ్గరికి పోండి. ఎప్పుడు కట్టింది, ఎవరు కట్టింది, ఎప్పుడు మూసింది, ఇప్పుడు లోపల ఎవరి సరుకు ఉంది అన్నది పెద్దల్ని అడిగి రాసి మాకు పంపండి. తర్వాత ఊళ్ళోకి పోయి, గొడవ లేకుండా, గొంతు తగ్గించకుండా, ఒక్క మాట అడగండి.

"మా బడి తాళంచెవి ఇటియ్యండి."

జై భీమ్!